పదమూడు మందిని ఒకే రోజు పుట్టించిన అయ్యవారు

పోయిన నెల ఒక సోమవారం కల్లూరులో మా ఊరి మనిషి ఒకడు ఎదురై చెప్పాడు. “మన బడి అయ్యవారు నిన్న పొద్దున పోయినాడప్పా. రొట్టె తింటా తింటానే పక్కకు ఒరిగినాడంట.” నాకు ముందు వచ్చింది ఏడుపు కాదు, కోపం. ఇంకొక్క నెల ఉంటే ఆయన సొమ్మేం పోయేది? ఎండలు తగ్గగానే కర్నూలుకు వచ్చి, నలుగురి ముందర నిలబడి ఒక నిజం చెబుతానని నాకు మాట ఇచ్చారు. చెప్పకుండానే పోయారు. ఆ నిజం ఏమిటంటే, నేనూ పద్యాల ఖాసిమూ ఒకే రోజు పుట్టలేదు.

కర్నూలు, కడప జిల్లాల్లో నాటకాలు చూసేవాళ్ళకు మా జంట తెలుసు. ఖాసిం పద్యం ఎత్తుకుంటే నేను హార్మోనియం పట్టేవాణ్ణి. కరపత్రాల్లో మా పేర్ల కింద “ఏకదినమున జన్మించిన విద్వాంసులు” అని తప్పకుండా ఒక వరస వేసేవాళ్ళు. ఏటా ఆ తేదీన ఎక్కడో ఒకచోట మా ఇద్దరికీ దండలు వేసి నాటకం ఆడించేవాళ్ళు. జ్యోతిష్కులైతే మా గ్రహాలు లెక్కగట్టి, ఇంతటి విద్య ఎలా అబ్బిందో చెప్పేవాళ్ళు కూడాను! అంతా వట్టిది. ఆ తేదీన మమ్మల్ని మా అమ్మలు కనలేదు, అయ్యవారు కన్నారు.

ఓర్వకల్లు దగ్గర మా పల్లెలో ఆయన బోర్డు బడి పెట్టిన కొత్త. ఇనస్పెక్టరు వస్తున్నాడని తెలిసి రిజిస్టరు తీస్తే, పుట్టిన తేదీల గడులన్నీ ఖాళీ. అమ్మలందరినీ బడి దగ్గరికి పిలిపించారు. అప్పుడు అక్కడ జరిగింది మా అమ్మ నాకు వందసార్లు చెప్పి ఉంటుంది. తనను అడిగితే, “జొన్నకోతలప్పుడు సామీ, చేన్లోనుంచి ఇంటికి వస్తానే పుట్టినాడు” అందట. ఖాసిం వాళ్ళమ్మ, “పీర్ల గుండం ఆరిపోయిన తెల్లారి” అందట. ఏ సంవత్సరం అంటే ఇద్దరూ మొహాలు చూసుకున్నారు.

“ఈ గడిలో జొన్నకోతలని రాస్తే ఇనస్పెట్రు ఒప్పుకోడు గదమ్మా” అని అయ్యవారు తల గోక్కుని, ఎదురుగా ఉన్న పదమూడు మందికీ ఒకే తేదీ రాసేశారు. ఇనస్పెక్టరు తల ఎత్తకుండా సంతకం పెట్టి వెళ్ళిపోయాడు.

ఆ మనిషిని తిట్టడానికే కూర్చున్నాను గానీ, ఆయన లేకపోతే నేను లేను. ఎక్కాలు వల్లె వేయించేటప్పుడు ఆయన వట్టిగా చెప్పనిచ్చేవారు కారు, రాగంలో చెప్పమనేవారు. పలక తుడుచుకోవడానికి తన పంచె కొంగే ఇచ్చేవారు. పన్నెండో ఎక్కం దగ్గర ఖాసిం గొంతు అందరినీ మించి పైకి లేస్తే, చాక్‌పీసు పట్టుకున్న చెయ్యి అలాగే ఆగిపోయేది. “శ్రుతి చూసుకోని నోరు తెరువప్పా, లేకపోతే మూసుకోని ఉండు” అని తక్కినవాళ్ళను గదమాయించేవారు. నేను చెక్కబల్ల మీద వేళ్ళు ఆడించడం చూసి, ఊరికి వచ్చిన నాటకం వాళ్ళను బతిమాలి, నన్ను వాళ్ళ హార్మోనియం ముందర కూర్చోబెట్టింది కూడా ఆయనే. ఆ తర్వాత ముప్పై ఏళ్ళు ఖాసిమూ నేనూ వెనక్కి తిరిగి చూడలేదు.

తర్వాత ఖాసిం గొంతు పోయింది. ఏదో పుండు లేచి, మానను మానను అని మూడు నెలలు తిప్పలు పెట్టి, గుసగుస తప్ప ఏమీ మిగల్చలేదు. దాని బాధ వానిది. కానీ నా హార్మోనియం పెట్టెకు ఏం రోగం? ఆ నెల నుంచి నన్ను కూడా పిలవడం మానేశారు! కడప కాంట్రాక్టరు ఒకడు మొహం మీదే చెప్పాడు. “ఏమనుకోవద్దప్పా. మీ ఇద్దరిదీ ఒకటే జాతకం. ఆయప్పకు గొంతు పాయె, రేపు నడిమధ్యలో నీ చేతులు పడిపోతే నా నాటకం గతేం గావల్ల?” ఏం చెప్పను ఆ మూర్ఖునికి? నన్ను పిలవాలంటే వాళ్ళకు నా వేళ్ళు చాలవు, నా పుట్టుక వేరే కావాలి.

పరుగెత్తుకుంటూ అయ్యవారి దగ్గరికి పోయాను. “ఆ తేదీ మీరు ఊరికే రాసిందని ఒక్క ముక్క రాసివ్వండి అయ్యవారూ. నా ఒక్కనిదే తప్పని రాయండి” అని కాళ్ళు పట్టుకున్నాను. ఆయన నన్ను లేపి పక్కన కూర్చోబెట్టుకున్నారు.

“నీదొక్కటి తప్పని రాస్తే తక్కినవి నిజమని ఎవడు నమ్ముతాడప్పా? ఒకడు రైల్లో ఉండాడు, ఇద్దరు పోలీసులో ఉండారు, ఒకడు తాలూకా కచేరీలో జవాను. అందరూ ఆ సర్టిఫికేట్ల మీదనే బతుకుతాండారు. నీ పెట్టె కోసం వాళ్ళ నోటికాడి కూడు తీయమంటావా?”

“మరి నా కూడో?” అన్నాను.

“నీకు చేతులుండాయి” అన్నారు.

ఎంత మంట పుట్టిందంటే, అయ్యవారమ్మ తెచ్చిన జొన్నరొట్టె ముట్టుకోకుండా లేచి వచ్చేశాను. ఆయన చెప్పింది న్యాయం. న్యాయం కాబట్టే నాకు ఇంకా ఒళ్ళు మండింది. ఎవరు ఊరికే పిలిస్తే వాళ్ళ భజనల్లో వాయించాను, పిల్లలకు సరిగమలు చెప్పాను, బళ్ళారి దాకా పోయి ఊరూ పేరూ లేని నాటకాల్లో కూర్చున్నాను. అయ్యవారు మాత్రం, నేను దగ్గర ఊళ్ళలో ఎక్కడ వాయించినా నడిచి వచ్చి, ఖాసింను పక్కన పెట్టుకుని ముందు వరసలో కూర్చునేవారు. నేను పలకరించకపోయినా వచ్చేవారు.

పదమూడు మందిలో ఇంకా ఉద్యోగంలో మిగిలిన ఆఖరివాడు, రైల్లో ఉన్నవాడు, ఈ ఏడు పించను తీసుకున్నాడు. ఆ కబురు వినగానే మళ్ళీ పోయాను. ఈసారి ఆయన నవ్వారు. “ఇంకెవురి కూడూ పోదు గదా. చెప్తా పో. ఈ ఎండలు తగ్గనీ, నేనే వచ్చి చెప్తా.” నా చెయ్యి పట్టుకుని, “శానా కష్టపెట్టినానప్పా నిన్ను” అన్నారు. ఆ మాట పదిహేనేళ్ళ కిందట అని ఉంటే ఎంత బాగుండేది!

పదో రోజు బడిలో ఆయన పటం పెడుతున్నారంటే ఖాసింతో కలిసి వెళ్ళాను. ఊరు ఊరంతా వచ్చింది. నాటకం తెరలు రాసే పెయింటరు పటం కింద పేరు రాసి, పోయిన తేదీ రాసి, కుంచె పట్టుకుని ఆగాడు. “పుట్టిన తేదీ ఏం రాయల్ల?”

ఎవరికీ తెలియదు. అందరూ అయ్యవారమ్మ వైపు చూశారు.

“నాకేం తెలుసు నాయనా? పెద్ద కరువులో గంజి పోసేకాడ దొరికిన బిడ్డంట. ఎవురు కన్నారో, ఎప్పుడు కన్నారో ఆయప్పకే తెలీదు” అంది.

యాభై ఏళ్ళలో ఈ మాట ఒక్కసారి కూడా మాకు చెప్పలేదు ఆ మనిషి. కొత్త హెడ్మాస్టరు, “పోనీ, ఆ గడి ఖాళీగా వదిలేద్దాం” అన్నాడు.

నలుగురూ అక్కడే ఉన్నారు. అయ్యవారు చెబుతానన్న నిజం నేనే చెప్పడానికి అంతకంటే మంచి సమయం దొరకదు. నోటి దాకా వచ్చింది. ఖాసిం నా మొహంలోకే చూస్తున్నాడు.

“మా తేదీనే రాయప్పా, సంవత్సరం ఒద్దు” అన్నాను.

పెయింటరు నోరు తెరిచాడు. “ఆయప్ప కూడా ఆ దినమే పుట్టినాడా?”

“ఆ దినమే.”

నా మీద నాకే కోపం వచ్చింది, ఆయన మీద ఉన్నదీ ఏమీ తగ్గలేదు. ఖాసిం గొంతులేని నవ్వు నవ్వాడు, భుజాలు మాత్రం కదిలాయి. తర్వాత పటం పక్కన గొంతుక్కూర్చుని, ఆ అంకెలు ఆరేదాకా ఈగలు వాలకుండా తువ్వాలుతో విసురుతూనే ఉన్నాడు.