ముందు మాట, తర్వాత సంగతి

నా కళ్ళజోడు పెట్టుకునే అర పోయింది. టీవీ పక్కన గోడ బీరువాలో పై నుంచి రెండోది; కళ్ళజోడూ పంచాంగమూ తలనొప్పి మందు సీసా ఇరవై ఏళ్ళుగా కాపురమున్న అర. పోయిన నెల మావాడు వాటన్నిటినీ ఖాళీ చేయించి, ఇటుకంత నల్లపెట్టెను అక్కడ కూర్చోబెట్టాడు. అది రేయింబగళ్ళు గుయ్యిమంటుంది, పైగా దానికి గాలి ఆడాలట, పక్కన పంచాంగాన్ని కూడా ఉండనివ్వరు.

దాన్ని సర్వరంటారట. మన ఫోటోలూ, నేను రాసుకునే ఈ కాగితాలూ ఎవరి యంత్రాల్లోనో ఎందుకు దాచాలి, మన ఇంట్లోనే సొంతంగా ఒకటి పెట్టుకుంటే ఏ ఊళ్ళో ఉన్న చుట్టమైనా చూసుకోవచ్చు గదా అని మావాడి ఆలోచన. నాలుగు రోజులు దాని ముందు కూర్చుని, అక్కర్లేని దారులన్నీ మూసి, ఒక్క తలుపు మాత్రం ఉంచి, దానికి గుర్తుమాటతో తాళం వేసి, ముక్కూ మొహం తెలియనివాళ్ళు ఎక్కడెక్కడి నుంచో వచ్చి ఆ తలుపు తట్టిపోతున్న పట్టీని నాకు గర్వంగా చూపించాడు. మూడుసార్లు తప్పు మాట చెప్పినవాడికి ఆ పూటకు ప్రవేశం లేదు. ఆ నియమానికి చిక్కిన మొదటి దొంగను నేనే. నా రాతలు నేను చూసుకోబోయి గడప బయట నిలబడితే, మావాడు నవ్వి, "దానికి మనిషితో పనిలేదు నాయనా, మాటతోనే పని" అన్నాడు.

ఒకప్పుడు ఆ ముక్క నేనూ అన్నాను.

డెబ్భైల చివర, డిగ్రీ పట్టా చంకన పెట్టుకుని తిరిగి తిరిగి, ఆదోనిలో ఒక పత్తి మిల్లులో టెలిఫోను బోర్డు ముందు కుదురుకున్నాను. మన ఈడువాళ్ళకు ఆ బోర్డులు గుర్తుండే ఉంటాయి. ఏ గదిలోనైనా ఫోను పిడి తిప్పితే నా ముందు ఇత్తడి రెప్ప ఒకటి టక్కున వాలేది. ఎవరు కావాలో అడిగి, తాడు దూర్చి కలిపేవాణ్ణి. నేను కలపనిదే మిల్లులో ఒక గది ఇంకో గదితో మాట్లాడలేదు. ఇరవై రెండేళ్ళవాడికి అంత అధికారం ఒంటికి మంచిది కాదు.

ఒక పీర్ల పండుగనాడు ఎవరో మేనేజరు గొంతు పెట్టి, మిల్లంతటినీ నడిపే ఇంజను గదికి ఫోను చేసి, ఇంజను ఆపమన్నారు. గొంతు నమ్మి నేనే కలిపాను. ఇంజను ఆగింది. కాసేపటికి మిల్లు మొత్తం వీధిలో పీర్ల ముందు ఉంది, అసలు మేనేజరు ఒక్కడే ఆగిన యంత్రాల మధ్య నిలబడి ఎవరినో పిలుస్తున్నాడు. మర్నాడు ఆయన నన్ను పిలిచి, ఇంజను గది లైనుకు ఏదైనా కట్టుదిట్టం చెయ్యమన్నాడు.

చేశాను. రోజుకొక ఊరిపేరు. తుగ్గలి, కృష్ణగిరి, ఇట్లా చుట్టుపక్కల ఊళ్ళన్నీ ఒక పుస్తకంలో రాసుకుని, పొద్దున్నే ఆ రోజు పేరు మేనేజరుకూ, పత్తిలోంచి గింజ తీసే జిన్నింగు హాలు మేస్త్రీకీ మాత్రం చెప్పేవాణ్ణి. ఇంజను గది కావాలన్నవాడు ముందు ఆ పేరు చెప్పాలి, సంగతి తర్వాత. అది నా సూత్రం: ముందు మాట, తర్వాత సంగతి. మేనేజరు మెచ్చుకున్నాడు. నేను అంతకంటే ఎక్కువ మెచ్చుకున్నాను.

ఆ మేస్త్రీని నేను మేస్త్రీ అన్నా అనేవాణ్ణి. చిప్పగిరివాడు, నాకంటే పదేళ్ళు పెద్ద, అక్షరం రానివాడు. మా నాయన బళ్ళో తెలుగు అయ్యవారు. చకారాన్ని సకారం చేసినందుకు చిన్నప్పుడు నా అరచేతులు వాచిన సందర్భాలు ఉన్నాయి. ఆ బాకీ నేను మేస్త్రీ అన్న దగ్గర వసూలు చేసుకునేవాణ్ణి. కృష్ణగిరిని కిష్ణగిరి అంటే కలిపేవాణ్ణి కాను, మళ్ళీ అనిపించేవాణ్ణి. ఆయనా నవ్వేవాడు, లేదా నవ్వుతున్నాడని నేను అనుకునేవాణ్ణి. ఆయన చెల్లెలు అదే హాల్లో జిన్నులకు పత్తి అందించేది. ఒకసారి నీళ్ళకు పోతూ నా కిటికీ దగ్గర ఆగి, "ఏమప్పా ఫోనయ్యా, మా యన్నకు పలుకు నేర్పిస్తాండావంటనే. నాకూ రోంత నేర్పియ్యప్పా, మా యత్తను తిట్టేకి పనికొస్తాది" అంది. ఆమె వెనక వస్తున్న ఆడవాళ్ళు కడవలు దించి మరీ నవ్వారు.

ఆ రోజు పేరు చిప్పగిరి. కావాలనే పెట్టాను, మేస్త్రీ అన్న తన ఊరిపేరు తనే సరిగ్గా పలకలేకపోతే వినాలని.

మధ్యాహ్నం భోజనాల ముందు హాలు రెప్ప వాలింది. ఎత్తితే మేస్త్రీ అన్న అరుస్తున్నాడు. జిన్నుల మోతలో అక్కడి నుంచి మాట్లాడే ప్రతివాడూ అరిచేవాడే, నాకేమీ వింతగా తోచలేదు. నేను నేర్పిన మనిషి కాబట్టి, అంత మోతలోనూ ముందు మాటే చెప్పాడు.

"సిప్పగిరి! సిప్పగిరి సామీ!"

"సిప్పగిరికి బస్సు లేదన్నా. చ అను. చద్దన్నం చ."

"సిప్పగిరి సామీ, ఇంజను..."

"చ రానీ అన్నా, తర్వాత ఇంజను."

ఫోను గోడకు కొట్టుకున్న చప్పుడైంది. వేలాడుతున్న ఆ ఫోనులోంచి జిన్నుల మోత మాత్రం నా చెవిలో సాగుతూనే ఉంది, దాని కింద ఆడవాళ్ళ కేకలు ఉన్నాయని అప్పుడు తెలిసింది. ఇంజను గది హాలుకు దూరంగా, గోదాముల వెనక. ఆయన అక్కడిదాకా పరుగెత్తాడు. నేను వింటూండగానే మోత ఆగింది.

ఆయన చెల్లెలి చీర కొంగు తిరిగే ఇరుసుకు చుట్టుకుంది. ఆస్పత్రికి చేరకముందే పోయింది.

విచారణకు వచ్చిన అధికారి నా పుస్తకం తిరగేసి, పద్ధతిగా ఉంది, దస్తూరీ కూడా బాగుంది అన్నాడు. మేస్త్రీ అన్నను అడిగితే "లైను కలవలేదు సామీ" అన్నాడు, అంతే. నన్ను అడిగితే నేనూ అదే అన్నాను. అది అబద్ధం కాదు గదా. ఆ వారంలోనే హాల్లో ఒక తాడూ, ఇంజను గదిలో ఒక గంటా కట్టించారు. తాడు లాగేవాణ్ణి ఏ ఊరిపేరూ అడగనక్కర్లేదు. అంత చిన్న సంగతి డిగ్రీ చదివినవాడికి ముందే తట్టలేదు.

ఇప్పుడు ఆ మిల్లు లేదు, బోర్డులు పాత ఇనుము కిందకు పోయాయి. ఆ రోజుల్లో మాట అడిగేవాడు ఒక మనిషి. తలుచుకుంటే వదిలెయ్యగలిగేవాడు, వదల్లేదు. ఈ పెట్టెకు ఆ తలుచుకోవడమే లేదు. మొన్న మావాడితో, మాట చెప్పలేనివాడు కూడా పిలవగలిగే దారి ఒకటి ఉంచరా అన్నాను. "అట్లాంటి దారి పెడితే ఇంక తాళమెందుకు నాయనా?" అన్నాడు. వాడి మాటా నిజమే. నా కళ్ళజోడు ఇప్పుడు వంటింట్లో ఉంటోంది.

ఆమె పోయిన మూడేళ్ళకు, ఎనభైల మొదట్లో, ఎమ్మిగనూరులో ఇంకో మిల్లుకు బోర్డు బిగించడానికి పోయాను. గేటు పక్కన కూలీలు జొన్నరొట్టెలు విప్పుకుని కూర్చున్నారు. వాళ్ళలో మేస్త్రీ అన్న. ఆదోని వదిలి ఇక్కడ మూటలు మోస్తున్నాడని ఎవరో అంటే విన్నాను. తల తిప్పుకుని పోదామనుకున్నాను గానీ ఆయనే చెయ్యెత్తి పిలిచాడు. దగ్గరకు పోతే రొట్టె పక్కన పెట్టి, తువ్వాలుతో మూతి తుడుచుకుని, నాలుకను పళ్ళ వెనక జాగ్రత్తగా ఆనించి, ఒక్కొక్క అక్షరమే పలికాడు.

"చి-ప్ప-గి-రి. ఇప్పుడు సరిగ్గా పలికితినా సామీ?"