తొలి దొప్ప

గోపన్‌పల్లిలో ఇప్పుడు అపార్టుమెంట్లు నిలబడ్డ చోట ఒకప్పుడు మా భజన షెడ్డు ఉండేది. పైన రేకులు, కింద నాపరాళ్లు, తూర్పు గోడకు స్వామి పటం. శనివారం ఆఫీసుల నుంచి నేరుగా వచ్చే ఐటీ ఉద్యోగులు మెడలో కార్డులు తీయకుండానే తాళాలు అందుకునేవారు. నేను మూసాపేట నుంచి బస్సులు మారి, ఒళ్లో పులిహోర గిన్నె పెట్టుకుని వచ్చేదాన్ని. ఇంగువ వాసనకు పక్క సీట్లవాళ్లు తిరిగి చూసేవారు. నైవేద్యం కాకుండా మూత తీయకూడదు గనక నేను కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చునేదాన్ని. ఆ ప్రయాణం తలుచుకుంటే ఇప్పటికీ ఆకలేస్తుంది.

స్థలం ఆ ఊరి రైతుది. భజన నడిపే గురువుగారు కడప వైపు నుంచి వచ్చి, ప్లాట్ల వ్యాపారంలో స్థిరపడిన మనిషి. "దేవుని పేరు జెప్పుకునేటందుకే గదా, షెడ్డు ఏస్కోరి" అన్నాడట రైతు. ఊరందరి ప్లాట్లకూ కాగితాలు రాయించిన గురువుగారు ఆ ఒక్క స్థలానికి కాగితం అడగలేదు. దానికి బదులు ఒక నియమం పెట్టారు. నైవేద్యమయ్యాక తొలి దొప్ప స్థలమిచ్చిన వాళ్లింటికి వెళ్లాలి. అది వెళ్లి వచ్చాకే మిగతావాళ్లు ప్రసాదం తీసుకోవాలి. దొప్ప తీసుకెళ్లే పని నాది.

రైతు పోయాడు. చుట్టూ కంపెనీలు వచ్చాయి. స్థలం ఖాళీ చేయమని రైతు కొడుకు అడిగాడు. పెద్దాయన ఇచ్చిన మాట ఉంది గదా అని మేం చేయలేదు. అతను కోర్టులో దావా వేశాడు. ఆ వారం నేను దొప్ప పట్టుకుని తటపటాయిస్తుంటే గురువుగారు అన్నారు.

"నైవేద్యమైనాక అది మన వంట కాదమ్మా. పంపేదా వద్దా అని చెప్పేదానికి మనమెవురు? పో."

తలుపు తీసింది రైతు కోడలు. దొప్పనీ నన్నూ మార్చి మార్చి చూసింది.

"ఏందక్కా, కోర్టుల కొట్లాడుకుంట పులిహోర దెస్తున్నరు? మందు గిట్ల కలిపిన్రా ఏంది?"

"తిని చూడు, తెలుస్తుంది."

అక్కడే నిలబడి ఒక ముద్ద నోట్లో వేసుకుంది. "పోయిన వారమే మంచిగుండె. జర ఉప్పెక్కువైంది" అంది. నేను నవ్వాను. ఆమె కూడా నవ్వింది, కానీ వెంటనే లోపలికి చూసి తలుపు దగ్గరికి వేసింది. కేసు నడిచినంతకాలం దొప్ప ఆగలేదు.

గురువుగారు సాక్ష్యం చెప్పాల్సి వచ్చింది. మా వకీలు ముందే కూర్చోబెట్టి నచ్చజెప్పాడు.

"స్థలం మాదే అనుకుని, ఎవరినీ అడక్కుండా ఇన్నేళ్లు ఉన్నామంటే కేసు నిలుస్తుందండి. వాళ్లు ఉండనిచ్చారు కాబట్టి ఉన్నామంటే, ఎన్నేళ్లున్నా స్థలం వాళ్లదే అవుతుంది. ఆ ప్రసాదం సంగతి మాత్రం మీరు ఎత్తకండి."

గురువుగారు ఎత్తలేదు. అవతలి వకీలే ఎత్తాడు. తొలి దొప్ప ఎవరింటికి పంపుతారు, ఎందుకు పంపుతారు అని అడిగాడు. గురువుగారు అటూ ఇటూ చూడలేదు. "వాళ్లింటికే. స్థలం వాళ్లది గనక" అన్నారు.

బయటికొచ్చాక మా వకీలు నెత్తిన చేయి పెట్టుకున్నాడు. "ఇంకేం మిగిల్చారండీ నాకు?"

"స్వామి ముందర ఒగటి, జడ్జి ముందర ఇంగొగటీ ఎట్ల జెప్పేది నాయనా?" అన్నారు గురువుగారు.

అయినా కింది కోర్టు మా వైపే తీర్పిచ్చింది. చాలాకాలంగా ఉన్నాం గనక ఉండొచ్చంది. ఆ శనివారం చక్కెర పొంగలి చేశాను. రైతు కొడుకు హైకోర్టుకు అప్పీలుకు వెళ్లాడు.

హైకోర్టు తీర్పు కొన్నేళ్లకు ఒక ఎండాకాలంలో వచ్చింది. మాలో ఒకతను దాన్ని ఫోన్‌లో దింపుకొని వచ్చాడు. షెడ్డులో అందరం కూర్చున్నాక నేను తెలుగులో అర్థం చెబుతూ చదివాను. కింది కోర్టు తీర్పు కొట్టేశారు. ఈ సాక్షి మాట నమ్మదగినది, తొలి ప్రసాదం పంపడంలోనే స్థలం ఎవరిదో వీళ్లు ఒప్పుకున్నారు, అనుమతితో ఉన్నవాళ్లు యజమానులు కాలేరు అని రాశారు. నేను పాతికేళ్లు పాడిన చోటు అది.

"నమ్మదగినదని రాసినారా? ఆ ముక్క ఇంగోసారి సదువు" అన్నారు గురువుగారు. చదివాను. ఆయన కళ్లు మూసుకుని విన్నారు.

"సుప్రీంకోర్టుకు వెళ్దాం గురువుగారూ! ఇప్పుడు ఆగితే ఎలా?" అన్నాడు ఫోన్ తెచ్చినతను. ఇద్దరు ముగ్గురు సై అన్నారు. నిజం చెప్పాలంటే నా మనసూ అటే లాగింది.

"పొయ్యి ఏమని జెప్తామప్పా? నా సాచ్చెం నమ్మొద్దండి అనా?"

అతను ఫోన్ జేబులో పెట్టుకున్నాడు.

కోర్టు ఇచ్చిన గడువు ఇంకా ఉండగానే ఆయన నన్ను వెంటబెట్టుకుని రైతు కొడుకు ఇంటికెళ్లి తాళంచెవి చేతికిచ్చారు. అతను ఇబ్బందిగా నిలబడ్డాడు.

"ఇంక టైమున్నది గద సార్. గింత తొందరేంది?"

"మీది మీకిచ్చేదానికి గడువెందుకప్పా?"

కోడలు లోపలి నుంచి మంచినీళ్లు తెచ్చింది. తాగి వచ్చేశాం. దారిలో షెడ్డు వైపు నేను చూడలేకపోయాను. గురువుగారు మాత్రం నిలబడి, చెప్పులు విడిచి, దండం పెట్టుకున్నారు.

ఆ సాయంత్రం కొత్తగూడలో మా భజనవాళ్లలో ఒకరి ఫ్లాట్లో సోఫాలు గోడకు జరిపి భజనకు కూర్చున్నాం. మొదటి పాట అయ్యీ కాకముందే పక్క ఫ్లాటువాళ్లు వచ్చి, చప్పుడవుతోంది, తలుపేసుకోండని చెప్పి వెళ్లారు. వేసుకున్నాం. గురువుగారు శ్రుతి కొంచెం తగ్గించి రెండో పాట ఎత్తుకున్నారు.