జాడీ పెంకులు కడిగిన రోజు

శనివారం తెల్లవారుతూనే మా కాలిఫోర్నియా డబ్లిన్‌లో బార్ట్ లోకల్ రైలెక్కాను. ఆర్కియాలజీలో ఎం.ఏ. చేసి, గుంటూరు వైపు తవ్వకాల్లో పనిచేసి, పెళ్లయ్యాక డిపెండెంట్ వీసా మీద వచ్చి ఇన్నేళ్లుగా వంటిల్లు తవ్వుతున్నదాన్ని. శాక్రమెంటో అవతలి కొండల్లో ఒక పాత ద్రాక్షతోటను తవ్వుతున్నారనీ, వాలంటీర్లు కావాలనీ తెలిసింది. పని నచ్చితే యూనివర్సిటీ సీటుకు సిఫారసు చేస్తానని అక్కడి పెద్ద కేరన్ ఈమెయిల్ రాసింది. ఆ ముక్క చదివాక నాకు కాలు నిలవలేదు.

రిచ్‌మండ్‌లో రైలు మారాను. పక్క సీట్లో వరంగల్ అమ్మాయి, మాస్టర్స్ చేస్తోంది. "మట్టి తవ్వనీకి గింత దూరం పోతున్నరా అక్కా? దాంట్ల జాబ్ వస్తదా?" అంది. "రావాలనే వెళ్తున్నానమ్మా" అన్నాను. నా పులిహోర ఇద్దరం పంచుకున్నాం.

శాక్రమెంటో నుంచి తవ్వకాలవాళ్ల వ్యాన్‌లో గంట ప్రయాణం. వలస వచ్చిన ఒక రైతు కుటుంబం ఎప్పుడో వదిలేసిన చోటది. మోకాలెత్తు రాతిగోడలు, ద్రాక్ష తొక్కిన తొట్టి, గుర్రపుసాల పునాది, తమ దేశపు పద్ధతిలో నేలలో పాతుకున్న వైన్ జాడీలు. చూస్తుంటే కడుపు నిండింది.

భోజనాలయ్యాక కేరన్ ఒక ట్రే నిండా జాడీ పెంకులు నా ముందు పెట్టి, "వీటిని చూస్తుండు" అని ఫోన్ మాట్లాడటానికి వెళ్లింది. మా గుంటూరు తవ్వకాల్లో పెంకులు చేతికొస్తే కడగడమే, ఒకరు చెప్పేదేముంది? బకెట్టు, బ్రష్షు వెతికి తెచ్చుకుని కడగడానికి కూర్చున్నాను. లోపల నల్లటి మొండి పొర. వదిలేదాకా రుద్దాను. అంత సంతోషంగా పనిచేసి ఎన్నేళ్లయిందో!

కేరన్ వచ్చి ఒక పెంకు తిప్పి చూసింది. "లోపలి పొరేది?"

"కడిగేశాను."

అది వైన్ మడ్డి. ఆ రైతు కుటుంబం పండించింది ఏ ద్రాక్షో ల్యాబ్‌లో తేల్చడానికి దాచినది. మిగతా జాడీల్లో ఏమీ మిగల్లేదట.

"ఆ నీళ్లయినా ఉన్నాయా?" ఆశగా అడిగింది.

కరువు నేల, వృథా ఎందుకని పక్కనున్న మొక్క పాదులో పోశాను. చూపించాను. మట్టి ఎప్పుడో పీల్చేసింది.

"నేను చెప్పి ఉండాల్సింది" అని కేరన్ గోడ మీద కూలబడింది. తిట్టినా బాగుండేది. సాయంత్రం దాకా నాకు మరో పని చెప్పలేదు.

వెళ్లాలనుకునేవాళ్లు టోపీ, మంచినీళ్లు మరవకండి. చెప్పనిదే దేన్నీ కడగకండి. ఒక ఇంటివాళ్లు కష్టపడి పండించిన పంటకు మిగిలిన ఆఖరి ఆనవాలు అక్కడ ఉండేది. ఇప్పుడు లేదు.

తిరుగు రైలెక్కగానే మావారు ఫోన్ చేశారు. "సీటు సంగతి అడిగావా?"

"లేదండీ."

"అదేంటి! మళ్లీ ఎప్పుడు రమ్మన్నారు?"

రైలుపెట్టె నిండా మనుషులు. కొంగు లేదు, కోటు చెయ్యి నోట్లో కుక్కుకుని ఏడ్చాను.