బటన్ నొక్కినాక ఒక్క క్షణం

ఇయ్యాల కొరియరాయన మా తుకుం గల్లీ మలుపు కాడికెల్లి మూడుసార్లు ఫోన్ చేసిండు. ఎత్తిన ప్రతిసారి నేను నోరు తెరిచేలోపే పెట్టేసిండు. ఆఖరికి నా బీపీ గోలీల పార్సిల్ వాపస్ తీస్కపోయిండు.

కోడలికి కోపమొచ్చింది. "మామా, ఫోన్ ఎత్తంగనే హలో అనాలె. గట్ల ఊకుంటరేంది?"

నేను మిలిట్రీల సిగ్నల్ ఆపరేటర్‌గ చేసిన. మా రేడియోకు ఒక బరువైన ఇనుప డబ్బా తగిలించి ఉండేది. దుష్మన్ విన్నా అర్థంగాకుండ మా మాటను గరగర చప్పుడు చేసి పంపుడు దాని పని. అవతలి డబ్బా మళ్ల దాన్ని మాట చేసేది. బటన్ నొక్కినాక బీప్ వచ్చేదాంక ఆగాలె. ఆగకపోతే మొదటి మాట గాలికి పోతది.

"ఒకసారి కొత్త సాబ్ ఆగకుండ 'మత్ ఆనా', అంటే రావద్దు, అన్నడు బిడ్డా. 'మత్' పోయింది, రమ్మనే 'ఆనా' ఒక్కటే చేరింది. అవతల బండి కదిలింది. నేను మళ్ల బటన్ నొక్కి, బీప్ దాంక ఆగి చెప్తే గప్పుడు ఆగింది."

కోడలు "ఇది మొబైల్ గదా మామా" అన్నది.

మొబైల్ కంపెనీది. నోరు నాది. నేనైతే మారను.

నాకు ఫోన్ చేసేటోళ్లు ఒక్క క్షణం ఆగుండ్రి. లైన్ కట్ కాలే, నా మొదటి మాట మీదాంక పూర్తిగ రావాలని ఆగుతున్న. ఆగేటోళ్లు ఎవరెవరున్నరో కింద కామెంట్ల చెప్పుండ్రి. మిగిలినోళ్లు పార్సిల్ వాపస్ తీస్కపోవచ్చు.