దుర్గ గుడి దగ్గర ఎర్ర కారు

డెబ్బైల్లో, బుక్ చేసి జుట్టు నెరిసేదాకా ఎదురుచూసి కొన్న అంబాసిడర్‌కు పూజ చేయిద్దామని హైదరాబాదు నుంచి బెజవాడ దుర్గ గుడికి వెళ్లాను. కొండ కింద నా పక్కనే ఎర్రటి అమెరికా స్పోర్ట్స్ కారొకటి ఆగింది. దాని ముక్కు బెజవాడలో ఉంటే తోక గన్నవరంలో ఉంది. నా చక్రాల కింద నిమ్మకాయలు పెడుతున్న పూజారిగారు కూడా అటే పరుగెత్తారు.

నాకు కడుపు మండింది. "ముక్కు తప్ప ఏముందండీ ఇందులో? వెనక సీట్లో పిల్లి కూడా కాళ్లు చాపలేదు," అన్నాను.

కారు యజమాని, హైదరాబాదు దారిలోని నందిగామ రైతు, నా నంబరు ప్లేటు చూసి నవ్వాడు. "వెనక సీటెందుకండీ, వెనకే మీరొస్తున్నారుగా! మీ దారేనండీ, మా అత్తగారిని ఎక్కించుకోండి."

ఇక్కడివాళ్లు 'అండీ' చేరిస్తే ఆజ్ఞ కూడా మర్యాదలా వినిపిస్తుంది. తలూపాను.

అత్తగారు అరటిగెలతో సహా ఎక్కారు. ఊరు దాటకముందే ముందుకు వంగి అన్నారు: "కాస్త తొందరగా పోనివ్వు బాబూ, మా అల్లుడి కారు కనపడట్లేదు."