పడ్డవాడు లేచేదాకా

డ్రెస్సర్ సాబ్ పోయారన్న కబురు నాకు తొమ్మిదో తరగతి గదిలో అందింది. నల్లబల్ల మీద లెక్క ఇంకా సగంలోనే ఉంది. దవాఖాన ఆయా కిటికీ దగ్గరికి వచ్చి, "సారూ, సాబ్ పోయిండు. స్టూలు మీద కూసున్నోడు కూసున్నట్టె ఒరిగిండు" అని ఏడ్చింది. అప్పుడాయన ఒక ముసలి రైతు కాలిపుండుకు కట్టు కడుతున్నారట. ఆ రైతు చుట్టగా మిగిలిన గుడ్డను గుప్పిట్లో పట్టుకొని, కుంటుకుంటూ ఖబరస్తాన్ దాకా వచ్చాడు. దారిలో ఎవరో కట్టు పూర్తి చేస్తామంటే వద్దన్నాడు.

అచ్చంపేటలో ఆయనను పేరు పెట్టి పిలిచినవాళ్లను నేను చూడలేదు. దవాఖానలో పుండ్లు కడిగి కట్లు కట్టే ఉద్యోగం కాబట్టి అందరికీ డ్రెస్సర్ సాబే. మా రెండిళ్లకూ నడుమ ఒకటే గోడ, పదమూడేళ్ల పొరుగు. సంతాపసభలో అందరూ ఆయన చేతి చలువ గురించి మాట్లాడారు. నేను ఆయన కుస్తీ పిచ్చి గురించి చెబుదామని లేచి, రెండు మాటలతోనే కూర్చున్నాను. అక్కడ చెప్పలేనిది ఇక్కడ రాస్తున్నాను.

పిచ్చి అనే అనాలి. పడుచుతనంలో ఏ జాతరలో కుస్తీలున్నా మక్తల్ దాకా కూడా పోయి చూసి వచ్చేవారట. పైల్వాన్ల పేర్లు, వాళ్ల పట్లు, ఎవరు ఎవరిని ఎక్కడ పడగొట్టారో అన్నీ నోటికి ఉండేవి. ఆయన లెక్కలో కుస్తీ మూడు రకాలు. మొదటిది మట్టి కుస్తీ. "మట్టి కుస్తీల సప్పుడుండది సారూ. వీపుకు మన్ను అంటిందా, అయిపాయె. గెలిచినోడే వంగి ఓడినోని వీపు దులుపుతుండె. ఇగ దాంట్ల పంచాయతి ఏముంటది?" అనేవారు.

రెండోది ఎనభైలలో మా జిల్లాకు వచ్చిన కంపెనీ కుస్తీ. చెక్క పలకల వేదిక, నాలుగు తాళ్లు, టికెట్లు, మైకు. పలకల కింద బోలుగా ఉంచేవారట, మనిషి పడితే ఊరంతా అదిరేలా. ఎవరు గెలవాలో ముందే మాట్లాడుకొని పట్టేవారు. దాన్ని నూరా కుస్తీ అనేవారు. లెక్కల మాస్టర్ని కదా, జవాబు ముందే తెలిసిన లెక్క చేయడమేమిటని వెక్కిరించేవాణ్ని. ఆయనకు కోపం వచ్చేది కాదు. "నూరా కుస్తీ అంటె అబద్ధం కాదు, ఒప్పందం. వాడు తన పానం తీసి వీని చేతుల పెడ్తడు. వీడు దాన్ని ఎత్తి, దెబ్బ తాకకుంట కింద వెయ్యాలె. నిజం కుస్తీ కన్న గిదే కష్టం. గెలిచెటోన్ని ఎవలైన చూస్తరు సారూ, పడెటోన్ని చూడుండ్రి. విద్య వాని దగ్గరుంటది" అనేవారు.

మూడోది టీవీ కుస్తీ. తొంభైలలో మా వీధికి కేబుల్ వచ్చింది. ఆదివారం మధ్యాహ్నం విదేశీ కుస్తీలు చూపించేవారు. సాబ్ ఇంట్లో టీవీ లేదు. మోచేతుల దాకా సబ్బుతో కడుక్కొని, తడి చేతులతోనే మా గుమ్మంలోకి వచ్చేవారు. ఎప్పుడూ స్పిరిట్ వాసన. కుర్చీ వేసినా కూర్చోకుండా టీవీకి మూరెడు దూరంలో గొంతుక్కూర్చునేవారు. టీవీ కుస్తీ మీద ఆయనకు సదభిప్రాయం లేదు. మాటలెక్కువ, కుర్చీలతో కొట్టుకోవడాలెక్కువ, గెలిచినవాడు బెల్టు భుజాన వేసుకొని తిరుగుతుంటే కెమెరా వాడి వెంటే పోతుంది. పడ్డవాడు ఏమయ్యాడో చూపించరు. అప్పుడు సాబ్ మెడ చాచి టీవీ అంచు అవతలికి తొంగి చూసేవారు, అక్కడ ఇంకా ఏదో కనబడుతుందన్నట్టు. నేనూ నా భార్యా ముఖాలు తిప్పుకొని నవ్వుకునేవాళ్లం.

ఇక ప్రకటనలు వస్తే చెప్పనక్కర్లేదు. ఒకడు బోర్లా పడి కదలకుండా ఉన్నప్పుడే సబ్బు ప్రకటన వచ్చేది. "లేచిండో లేదో చూపియ్యకుండ గీ సబ్బేంది? నీ మొఖం మల్ల కడుగుదువు గాని జరుగమ్మా!" అని తెర మీది అమ్మాయిని కసిరేవారు. ఇదంతా మాకు ఆదివారం కాలక్షేపం. ఇప్పుడు తలచుకుంటే నా మీద నాకే అసహ్యం వేస్తుంది.

ఒక ఆదివారం నాకు దిద్దవలసిన పరీక్ష పేపర్లు చాలా ఉన్నాయి. తెర మీద ఎవడో తాళ్ల పక్కన పడి ఉన్నాడు. "ఇంక చాలు సాబ్, అంతా నాటకమే కదా, వాడే లేస్తాడు" అని టీవీ కట్టేశాను. ఆయన లేచి నిలబడ్డారు. "చాలూ చెయ్! టీవీ మల్ల చాలూ చెయ్! వాడు లేచినంక బందు చెయ్!" అని అరిచారు. ఎప్పుడూ నన్ను ఏకవచనంలో అన్న మనిషి కాదు. నా భార్య వంటింట్లోంచి పరుగెత్తుకొచ్చింది. నేను మళ్లీ పెట్టేసరికి అక్కడ ఇంకో ఇద్దరు కొట్టుకుంటున్నారు. సాబ్ గోడకు ఆనుకొని కూలబడ్డారు. ఎవరి ముఖం చూడకుండా చెప్పారు.

ఎనభైల నడుమ పాలమూరులో ఒక కంపెనీ కుస్తీ జరిగింది. కంపెనీవాళ్లకు సాబ్ పాత పరిచయం. సెలవు పెట్టి, కట్లసంచి తీసుకొని వేదిక పక్కన కూర్చునేవారు. ఆనాడు ఓడిపోవలసినవాడు మా దిక్కు గొల్లల పిల్లవాడే, ఇరవై నాలుగేళ్లవాడు. జాతరల్లో మట్టి కుస్తీలు గెలిచి గెలిచి కంపెనీలో చేరాడు. సాబ్‌కు వాడంటే ప్రాణం. గోదాలోకి దిగే ముందు డేరా వెనుక వాడు చెప్పాడట: "సాబ్, నేను పడంగనే ఉరికి రాకు, ఆట ఖరాబైతది. వాడు నన్ను ఇంకొకసారి ఎత్తి ఏస్తడు. గప్పుడు నేను ఏలు లేపుత. ఏలు లేపినంకనే రా."

మొదటిసారి వాడు తలకిందులుగా పడ్డాడు. పలకలు ఉరిమినట్టు మోగాయి. జనం ఈలలు వేశారు.

"నేను సుత సప్పట్లు కొట్టిన సారూ. పడుడు గంత మంచిగుండె. గసొంటి పడుడు నా జన్మల చూడలే. వాడు కదుల్తలేడు. కదలకుంటనే ఉండాలె గదా, ముందుగాల చెప్పిండు గదా. నేను ఏలు దిక్కు చూసుకుంట కూసున్న. అవతలోడు వచ్చి మల్ల ఎత్తిండు. మెడ అటిటు ఊగింది. ఎంత మంచిగ చేస్తున్నడు అనుకున్న. మల్ల ఏసిండు. నేను ఏలు దిక్కే చూస్తున్న."

వేలు లేవలేదు. పట్నం పెద్ద దవాఖానలో మెడ ఎముక విరిగిందన్నారు. మాట ఉంది, మెడ ఉంది, భుజాలు కొంచెం ఉన్నాయి. కిందికి ఏమీ లేదు.

"మొదటిసారి ఇరిగిందా, రెండోసారి ఇరిగిందా అని డాక్టర్ను అడిగిన. ఏదైతే ఏందయ్యా అన్నడు. ఆయనకు ఏదైతే ఏంది. మొదటిసారే ఇరిగితె గది అల్లా రాసిన రాత. రెండోసారి ఇరిగితె గది నేను చేసిన పని. నేను ఉరికి పోయి ఉంటె వాడు రెండోసారి ఎత్తకపోతుండె."

అప్పటి నుంచి ఆదివారం పొద్దున మొదటి బస్సుకు ఆ పైల్వాన్ ఊరికి పోయేవారు. ఆయన ఏదో చేనుకు పోతున్నారని నేను అనుకునేవాణ్ని. మంచం పట్టిన మనిషికి వీపున, పిరుదుల మీద పుండ్లు పడతాయి. అవి కడిగి, కట్టు కట్టి, మిగతా దినాలు ఎట్లా కట్టాలో వాడి అక్కకు నేర్పి, మధ్యాహ్నానికి తిరిగి వచ్చి మా టీవీ ముందు కూర్చునేవారు. ఆరు నెలలు బతకడని డాక్టర్లు పంపించేసిన మనిషిని, తాను పోయేదాకా తొమ్మిదేళ్లు బతికించారు.

"వాణ్నే అడగలేకపోయారా?" అన్నాను.

"ప్రతి ఆయితారం అడుగుత సారూ. రెండోసారి పడ్డప్పుడు ఎట్లుండెరా అని. యాదికి లేదు సాబ్ అంటడు."

మాట తోచనప్పుడు ఊరుకోవాలి. ఊరుకోకుండా, రెండూ సగం సగం అవకాశమే కదా అని లెక్కల మాస్టర్ మాట అన్నాను. సాబ్ నా వైపు చాలా జాలిగా చూశారు. "సగం పాపం ఎట్ల మోస్తరు సారూ?" అన్నారు.

ఇంత జరిగినా ఈ కుస్తీలు ఎందుకు చూస్తారని కూడా అడిగాను. "ఆ దినం నేను మనిషిని చూడలే, ఏలును చూసిన. అందుకె ఇప్పుడు మనిషిని చూస్తున్న" అన్నారు. ఆ తర్వాత ఆయన ముందు నేనెప్పుడూ టీవీ కట్టేయలేదు. పడ్డవాడు లేచేదాకా నేనూ చూసేవాణ్ని. నవ్వడం మానేశాం. ఒకసారి నన్నూ వెంట రమ్మంటారా అంటే, "వద్దు సారూ. జాతరల చూసినట్టు పోయి చూసెటట్టు లేడు వాడు ఇప్పుడు" అన్నారు.

ఆయన పోయిన తరువాతి ఆదివారం ఆ ఊరి సంగతే నాకు తోచలేదు. రెండో ఆదివారం గుర్తొచ్చి, పొద్దున బస్సెక్కాను. బస్సు దిగి రెండు మైళ్లు నడక. ఒక్క గది ఇల్లు, ముందర గొర్రెల దొడ్డి. పైల్వాన్ అక్క గడపలో నిలబడి ఉంది. నన్ను కాక నా వెనుక బాటను చూసింది.

"సాబ్ రాలేదా? పోయిన ఆయితారం సుత రాలే. పానం మంచిగ లేదా?"

చెప్పాను. ఆమె గడపలోనే కూర్చుండిపోయింది. లోపలి నుంచి, "ఎవలక్కా?" అని గొంతు వినిపించింది. లోపలికి పోయి మంచంలో ఉన్నవాడికి కూడా చెప్పాను. పెద్ద ఎముకల మనిషి, కండ అంతా ఎటో పోయింది. ఏడవలేదు. "కట్టు మార్చు అక్కా, యాళ్ల అయితాంది" అన్నాడు. ఆమె కళ్లు తుడుచుకొని వచ్చి, వాణ్ని గోడ వైపు తిప్పి పండబెట్టింది. సాబ్ ఎట్లా చేసేవారో అట్లాగే ముందు చేతులు మోచేతుల దాకా కడుక్కొంది. వీపు నేను చూడలేకపోయాను. చూడలేక, ఏదో ఒకటి మాట్లాడాలని, "సాబ్‌కు చివరిదాకా ఒక్కటే రంది ఉండె. రెండోసారి పడ్డప్పుడే నీకు ఇట్లయిందేమో అని" అన్నాను.

జవాబు గోడ వైపు నుంచి వచ్చింది.

"రెండోసారి ఏసినప్పుడు నాకు దెబ్బ తెల్వనే లేదు సారూ. మొదటిసారి పడంగనే మెడల పటుక్కుమన్నది. కాళ్లు, చేతులు అన్నీ గప్పుడే పోయినయ్. ఏలు లేపుదామని చూసిన. ఏలు ఏడుందో తెల్వలే. ఇగ వాడు ఎత్తంగ కండ్లతోని చూసుడె."

"మరి సాబ్ అడిగితే యాదికి లేదన్నవట కదా?"

"అన్న."

"తొమ్మిదేండ్లా?"

"తొమ్మిదేండ్లు. ఆయన తప్పేం లేదని చెప్తె రాడేమో అనుకున్న సారూ. పుండ్లు కడుగ ఎవలొస్తరు? మొదలు భయంతోని చెప్పలే. తర్వాత చెప్దామంటె, ఇన్నొద్దులు ఎందుకు చెప్పలేదంటడని చెప్పలే. చెప్పినా వస్తుండెనేమో. గది నాకు ఎర్క లేకపాయె."

వాడి అక్క చేతులు ఆగిపోయాయి. ఆమెకూ ఈ సంగతి ఇప్పుడే తెలిసిందని ముఖం చూస్తే అర్థమైంది. ప్రతి ఆదివారం ఆ మనిషికి జొన్నరొట్టెలు కాల్చి పెట్టిన చేతులవి. కట్టు చివర ముడి మాత్రం గట్టిగా వేసింది. లేచి, బయటికి పోయి, గొర్రెల నడుమ కూర్చుంది. తమ్ముణ్ని గోడ వైపే వదిలేసింది.

నాకు కోపం రాలేదని రాస్తే అబద్ధమవుతుంది. సాబ్ తడి చేతులు, టీవీ అంచు అవతలికి చాచిన మెడ, "సగం పాపం" అన్న గొంతు అన్నీ ఒక్కసారి వచ్చి పడ్డాయి. ఒక్క మాట చెప్పి ఉంటే ఆ మనిషి తేలికగా పోయేవాడు. నేను మంచం పక్కనున్న స్టూలు మీద అట్లాగే కూర్చున్నాను. గోడకు సున్నం రాలిపోయింది. వాడి ముఖం దానికి ఆని ఉంది.

"సారూ, జర మర్లెయ్యుండ్రి" అన్నాడు గోడతోనే.

నేను వెంటనే లేవలేదు. ఎంతసేపు లేవలేదో ఇక్కడ రాయను. వాడు మళ్లీ అడగలేదు. తర్వాత లేచి, సాబ్ ఎట్లా తిప్పేవారో తెలియక, భుజం కింద ఒక చెయ్యి, నడుము కింద ఒక చెయ్యి పెట్టాను. పైల్వాన్ ఒళ్లు అంత బరువేమీ లేదు.