మా అత్తగారి పాత పేరు

దయ్యాలంటే నాకు భయం లేదు, చిరాకు. మా ప్రొద్దుటూరులో నా చిన్నప్పుడు ఎవరికైనా జ్వరమొస్తే డాక్టరు కంటే ముందు మంత్రం వేసేవాడి దగ్గరికి తీసుకెళ్లేవారు. ఆ విబూది, ఆ వేపమండలు, ఆ తాయెత్తులు చూసి చూసి నాకు వెగటు పుట్టింది. ఇది రాయడానికి కూర్చుంటే నామీద నాకే ఏవగింపుగా ఉంది. అయినా జరిగింది జరిగినట్టు రాస్తాను, నమ్మడం నమ్మకపోవడం మీ ఇష్టం.

నేను సౌదీలో, ధహ్రాన్‌లో ఒక కాంట్రాక్టు కంపెనీలో సూపర్‌వైజర్‌ని. అంతకుముందు కొన్నేళ్లు థాయ్‌లాండ్‌లో ఒక ఫ్యాక్టరీలో పనిచేశాను. నా భార్య నిమ్ అక్కడి అమ్మాయే. మెకాంగ్ నది ఒడ్డున ఒక చిన్న ఊరు వాళ్లది. తెలుగంతా మా అమ్మ దగ్గర ఫోన్లో నేర్చుకుంది కాబట్టి అచ్చం మా ప్రొద్దుటూరు తెలుగే మాట్లాడుతుంది. కొత్తగా విన్నవాళ్లకు నవ్వాగదు.

నిమ్‌కు మొదటిసారి గర్భం నిలవలేదు. రెండోసారి డాక్టరమ్మ మంచం దిగొద్దని గట్టిగా చెప్పింది. నేను పొద్దున డ్యూటీకి వెళితే మళ్లీ సాయంత్రానికే రావడం. మా అమ్మకు మోకాళ్ల నొప్పులు, విమానం ఎక్కే పరిస్థితి లేదు. మూడో అంతస్తు ఫ్లాట్‌లో రోజంతా నిమ్ ఒక్కతే గోడలు చూస్తూ పడుకునేది. ఏమీ తినేది కాదు. ఈ బిడ్డ కూడా దక్కదేమోనని దాని భయం. నా భయమూ అదే, పైకి చెప్పేవాణ్ని కాదు. అందుకే వాళ్లమ్మకు ఫ్యామిలీ విజిట్ వీసా పెడదామనుకున్నాం. ఆవిడ సులభంగా ఒప్పుకోలేదు. నిమ్ ఎంతగానో బతిమాలితే సరేనంది.

కాగితాల పని జహీర్ భాయ్‌కి అప్పగించాను. అతనిది హైదరాబాద్ పాతబస్తీ. మా పక్క ఊరు ఖోబర్‌లో ఒక సందులో దుకాణం. అందులోకి అడుగుపెట్టాలంటేనే నాకు కంపరం. సాక్సుల కంపు కొట్టే తివాచీ, టీ కప్పుల్లో నలిపేసిన సిగరెట్ పీకలు, ఎవరో ముక్కు చీది పడేసిన టిష్యూలు. కానీ చుట్టుపక్కల అతన్ని మించి పని తెలిసినవాడు లేడు.

చిక్కంతా పేరు దగ్గర వచ్చింది. ఈవిడ నిమ్‌కు తల్లేనని రుజువు చూపించాలి. నిమ్ పుట్టిన సర్టిఫికెట్‌లో తల్లి పేరు తోంగ్‌బాయ్. అత్తగారి పాస్‌పోర్టులో వరాపోన్. థాయ్‌లాండ్‌లో ఇది మామూలు విషయమే. కాలం కలిసిరాకపోతే పేరు మార్చేసుకుంటారు. నిమ్ చిన్నపిల్లగా ఉన్నప్పుడు వాళ్లమ్మకు పెద్ద జబ్బు చేసి చావు దాకా వెళ్లిందట. గుడిలో భిక్షువు కొత్త పేరు పెట్టి, పాత పేరు ఇంక ఎవరూ నోటితో పలకకూడదన్నాడట. తీసుకుపోవడానికి వచ్చినది ఆ పేరు తీసుకుని పోతుంది, మనిషి మిగులుతుంది అని వాళ్ల లెక్క. మనవాళ్లు పిల్లలు దక్కకపోతే పెంటయ్య అనీ పుల్లమ్మ అనీ పేర్లు పెట్టరూ, ఆ బాపతే.

పేరు మార్పు కాగితం పంపమంటే అత్తగారు ఇవాళ రేపు అంటూ దాటేసింది. జహీర్ భాయ్ విసుక్కుని, సర్టిఫికెట్‌లో ఉన్న పేరుతోనే పెట్టేద్దాం, తర్వాత సరిచేద్దాం అన్నాడు. నేను సరేనన్నాను. నిమ్ మాత్రం, "రాస్తే రాయండబ్బా, నోటితో మాత్రం పిలవగాకండి" అంది. నాకు ఒళ్లు మండింది. ఎక్కడికెళ్లినా ఈ తాయెత్తుల గోల నన్ను వదలదా అనుకున్నాను.

మర్నాడు మధ్యాహ్నం నమాజు అయ్యాక దుకాణానికి వెళ్లాను. బెంచీల మీద మనుషులు కిక్కిరిసి ఉన్నారు. జహీర్ భాయ్ ప్రింటు తీసిన కాగితాలు పట్టుకుని ఒక్కొక్క పేరే పిలుస్తున్నాడు. మా కాగితం వచ్చింది. నా పేరు పిలవాల్సింది పోయి, పైన కనపడిన పేరు పిలిచాడు.

"తోంగ్‌బాయ్! తోంగ్‌బాయ్ ఎవరిది?"

నేను లేచేలోపు నా వెనక నుంచి ఒక ఆడగొంతు పలికింది. "చా" అని. థాయ్‌లాండ్‌లో పెద్దవాళ్లు ఆప్యాయంగా "ఆఁ, వస్తున్నా" అన్నట్టు పలికే పలుకది. ఆ దుకాణంలో దాని అర్థం తెలిసినవాణ్ని నేనొక్కణ్నే. వెనక్కి తిరిగాను. ఆడమనిషి ఎవరూ లేరు. కానీ వెనక బెంచీ మీదున్న పాకిస్తానీ డ్రైవర్ గబుక్కున పక్కకు జరిగి, "బైఠియే అమ్మా" అంటూ చోటిచ్చాడు. ఇచ్చాక ఆ ఖాళీ చోటును చూసి, నన్ను చూసి, తెల్లమొహం వేశాడు. జహీర్ భాయ్ కాగితం నా చేతికిస్తూ, "అత్తమ్మ ముందే వచ్చిందా అన్నా?" అన్నాడు. అతను వేళాకోళమాడటం లేదు.

అప్పుడు కొట్టింది వాసన. ఊరబెట్టిన చేప వాసన. నిమ్ వాళ్ల ఊళ్లో చేపల్ని ఉప్పూ తవుడూ కలిపి కుండల్లో నెలల తరబడి ఊరవేస్తారు. నేను పుట్టు శాకాహారిని. ఆ కుండ మూత తీసిన ఇంట్లో నాకు నీళ్లు కూడా దిగవు. ముక్కు మూసుకుని బయటికొచ్చేశాను.

ఆ వాసన నాతోపాటే ఇంటికి వచ్చింది.

నిమ్ నా కోసం ఆ తిండి ఎప్పుడో మానేసింది. ఇంట్లో చేప ముక్క లేదు. సింకు కింద చూశాను, ఫ్రిజ్ జరిపి చూశాను. బంగ్లాదేశ్ ప్లంబర్ని పిలిపిస్తే గొట్టాలన్నీ విప్పి చూసి, శుభ్రంగా ఉన్నాయన్నాడు. సాంబ్రాణి వేశాను, అరబ్బుల ధూపం బఖూర్ వేశాను. దాంతో కంపుకు అత్తరు పూసినట్టయింది. నా చొక్కాలకు పట్టింది, దిండుకు పట్టింది, టిఫిన్ బాక్సుకు పట్టింది. మెస్‌లో నా పక్కన కూర్చునేవాళ్లు ఒక్కొక్కరే జరిగిపోయారు. అన్నం కలుపుకుంటే నా చేయే నాకు రోతగా ఉండేది.

నిమ్ మాత్రం తేరుకుంది. అన్నం తినడం మొదలుపెట్టింది, నిద్రపోయేది. నేను వాసన గురించి తిట్టుకుంటుంటే గోడవైపు తిరిగి పడుకునేది. ఒక శుక్రవారం పై అంతస్తు కేరళ ఆవిడ మెట్ల మీద కనపడి, మీ అత్తగారు వచ్చినట్టున్నారే, పొద్దున్నే రోట్లో దంచుతున్న చప్పుడు వినిపిస్తోంది అంది. మా ఇంట్లో రోలు లేదు. మిక్సీ ఉంది.

వీసా మంజూరైంది, కానీ పాస్‌పోర్టులో పేరు వేరు కాబట్టి బ్యాంకాక్‌లో తిప్పి పంపారు. అది అనుకున్నదే. పాతది రద్దు చేసి, కొత్త పేరుతో మళ్లీ పెట్టాలి. ఈసారి అత్తగారు పేరు మార్పు కాగితం కూడా పంపింది. జహీర్ భాయ్ రద్దు చేద్దామని కంప్యూటర్ తెరిచి, దాని తెర నావైపు తిప్పాడు.

"అన్నా, గిది రద్దు గాదు. ఆమె దాఖిల్ అయిపోయింది. గీ దేశంలకి వచ్చేసిందని చూపెడ్తున్నది."

ఎవరొచ్చారు? ఏ విమానంలో? పాస్‌పోర్టు మీద ముద్రే పడలేదు. నిజంగానే తప్పు పడిందేమోనని నేనే పాస్‌పోర్టుల ఆఫీసుకు వెళ్లాను. అక్కడి అధికారి మర్యాదగానే చూశాడు. ఆవిడ వచ్చినట్టే ఉంది, ఆవిడ బయటికి వెళితే తప్ప ఇంకో దరఖాస్తు తీసుకోవడం కుదరదన్నాడు. లేదంటే ఆవిడ నీ ఇంట్లో లేదు, ఎక్కడుందో తెలియదు అని రాసి సంతకం పెట్టు, తప్పిపోయినట్టు నమోదు చేసి ఫైలు మూసేస్తాం, అప్పుడు కొత్తది పెట్టుకో అన్నాడు. ఆ కాగితం తీసుకుని ఇంటికొచ్చాను.

దారిలోనే అత్తగారికి ఫోన్ చేసి, ఒక్క సంతకంతో అయిపోతుంది, బట్టలు సర్దుకోండి అని చెప్పాను. నాకు వచ్చిన నాలుగు థాయ్ ముక్కల్లోనే పాత పేరుతో పెట్టిన సంగతీ, దుకాణంలో పిలిచిన సంగతీ చెప్పాల్సి వచ్చింది. ఏ ఉలుకూ లేని గొంతుతో ఆవిడ అంది:

"మీరు పిలిచినామె వచ్చిందిగా. ఇంక నేనెందుకు?"

ఫోన్ పెట్టేసింది. నాకు తేళ్లూ జెర్రులూ పాకినట్టు అసహ్యమేసింది. ఏం మనుషులు, ఏం మూఢత్వం! కూతురు మంచం మీద పడి ఉంటే మాట్లాడే మాటేనా ఇది? ఇంటికి వెళ్లగానే నిమ్ మంచం పక్కన కూర్చుని, కాగితం ఒళ్లో పెట్టుకుని పెన్ను తీశాను. నిమ్ నా చేయి పట్టుకుంది.

"సంతకం పెట్టొద్దబ్బా. ఈడ లేదని రాస్తే ఇంటాది."

ఎవరు వింటారని కసిరాను. అప్పుడు చెప్పింది, పెళ్లయిన ఇన్నేళ్లలో ఎన్నడూ చెప్పని సంగతి. వాళ్లమ్మ ఒకప్పుడు చేపలు ఊరవేసి అమ్మేదట. చేతులు ఎప్పుడూ అదే వాసనట. ఆ చేతులతోనే అన్నం కలిపి తినిపించేదట, పక్కలో వేసుకుని పడుకునేదట. జబ్బు నుంచి లేచాక, పేరు మారాక, చేపలు ముట్టలేదు. తెల్లబట్టలు కట్టి గుడిలోనే ఎక్కువ ఉండేది. నిమ్‌ను దగ్గరికి తీయడం కూడా ఆనాటితోనే మానేసింది.

"ఆ రోజు నుంచి నాకు అమ్మ లేదు. ఇప్పుడొచ్చిండాది. నీకు కంపుగా ఉంటే నువ్వు పక్క రూములో పండుకో, ఆమెను మాత్రం పొమ్మనగాకు."

నేను వాదించాను. లోపల రోత, పైన జాలి. నిమ్ ఏడవలేదు. బతిమాలనూ లేదు. నా చేయి మాత్రం వదల్లేదు. ఆ కాగితం మీద నేను సంతకం పెట్టలేదు. పక్క గదిలో పడుకున్నాను.

కాన్పు సక్రమంగానే అయింది. ఆడపిల్ల. నన్ను లోపలికి రానివ్వలేదు. మధ్యలో నర్సు మాస్కు సరిచేసుకుంటూ బయటికొచ్చి, చేపల తిండి లోపలికి ఎవరు తెచ్చారని నన్ను కోప్పడింది. నా చేతిలో నీళ్ల సీసా తప్ప ఏమీ లేదు. నిమ్ ఒక్కసారి కూడా కేక పెట్టలేదని, ఎవరితోనో మెల్లగా మాట్లాడుతూనే ఉందని ఆ తర్వాత అదే నర్సు చెప్పింది.

కంప్యూటర్లో పొరపాటు పడిందంటే ఒప్పుకుంటాను. నిమ్ కోరికే దానికి వాసనై తోచిందన్నా ఒప్పుకుంటాను. కానీ ఆ కంపు నాకు ఎందుకు కొడుతుంది? చేపంటేనే గిట్టనివాణ్ని. ఆ డ్రైవర్ ఎవరికి చోటిచ్చాడు? నాకు ఇప్పటికీ అంతుపట్టలేదు. వాసన అలవాటవుతుందన్నారు, అదీ అబద్ధం. ఈ ఉదయం కూడా కాఫీ గ్లాసు నోటిదాకా తెచ్చి సింకులో ఒంపేశాను.

ఈ మధ్యాహ్నం జహీర్ భాయ్ ఫోన్ చేశాడు. అప్పుడు నేను ముక్కుకు రుమాలు అడ్డం పెట్టుకుని పడకగది గుమ్మంలో నిలబడి ఉన్నాను. నిమ్ ఆదమరిచి నిద్రపోతోంది. పాప మేలుకుని, మంచానికి అవతలి వైపు, ఎవరూ లేని చోటికేసి చూస్తూ కాళ్లాడిస్తోంది.

"అన్నా, అత్తమ్మ వీసా గడువు అయిపోతున్నది. పొడిగియ్యాల్నా, తప్పిపోయిందని రాయాల్నా? అసలు ఆమె ఇంట్ల ఉన్నదా లేదా, ముందు గా ముచ్చట చెప్పు."

"ఉండాది భాయ్," అన్నాను. "పొడిగించు."